వెతికితే మనమెందుకు కనబడం?

(శ్రీరంగాపూర్‌లో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున ఈ ఊరి పేరు ఫోన్‌లో వెతికాను. రంగనాయకస్వామి గుడి వచ్చింది, రంగసముద్రం చెరువు వచ్చింది, వనపర్తి రాజుల ముచ్చట వచ్చింది. ఇక్కడ నాట్లేసే ఆడవాళ్ల గురించి ఒక్క ముక్క లేదు. మనం లేకనా?

సెర్చ్ ఇంజన్ మనం అడిగినప్పుడు లోకమంతా గాలించదు. ఒక పేజీలోని లింకు పట్టుకుని మరో పేజీకి పోతూ, చదివినవాటికి ముందే సూచిక తయారుచేసుకుంటుంది. ఏది ముందు చూపాలి? 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ప్రకటించిన పద్ధతి ప్రకారం, పేరున్న పేజీలు దేనికి లింకు ఇస్తే దానికి విలువ ఎక్కువ. తర్వాత ఎన్నో లెక్కలు కలిశాయి. అయినా పలుకుబడి ఉన్నవాళ్ల మాటే పైన నిలుస్తోంది. మన ఊరి పంచాయితీల్లో చూడనిదా ఇది?

అమెరికాలో సి.ఇ.ఓ.లలో 27 శాతం మహిళలుంటే, గూగుల్ బొమ్మల్లో 11 శాతమే కనిపించారని 2015లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. యంత్రానికి మనమీద పగలేదు. సమాజం రాసిందే అది చదువుతుంది, వ్యాపారం కోరిందీ చూపుతుంది.

"మొగుడు కొడితే ఏం చేయాలి?" అని అర్ధరాత్రి వెతికే చెల్లెలికి సర్దుకుపొమ్మనే సలహా ముందొస్తే? 2005 గృహహింస చట్టం, 181 నంబరు ఆమెకు ముందు కనబడాలి. అందుకే ఆమె అడిగే మాటల్లోనే, తెలుగులో, మనం రాయాలి. మన సంఘాలు ఒకరి పేజీకి ఒకరు లింకులివ్వాలి. "ప్రకటన" అని ఉన్నదాన్ని సలహా అనుకోవద్దని చెప్పాలి.

మనం రాయని చోట మన గురించి ఇంకెవరో రాస్తారు. రాద్దాం రండి!