దీపం వెలగవలసింది వీధిలో
(విద్యార్థుల రాత్రి నడకకు ముందు తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వచ్చే శనివారం రాత్రి మన పిల్లలు కళాశాల నుండి బస్టాండు వరకు కలిసి నడవదలచారు. "మర్యాదస్థుల పిల్లలు రాత్రివేళ రోడ్డెక్కడమేమిటి?" అని కొందరు పెద్దలు మమ్మల్ని అడిగారు. ఆ మాట వెనుక ఉన్నది భయం. ఆ భయాన్ని మేము తేలికగా తీసుకోము. అయితే భయపడి మనం చేస్తున్నదేమిటో కూడా చూడాలి కదా! సాయంత్రం తరగతి అనగానే చదువు మాన్పిస్తున్నాము. ల్యాబు ముగిసేసరికి పొద్దుపోతుందంటే ఆ కోర్సే వద్దంటున్నాము. వెలగని దీపం మునిసిపాలిటీది, ఆగిపోయిన చదువు మన అమ్మాయిది.

2017 సెప్టెంబరు 21న కాశీలోని బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జరిగినది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది అర్ధరాత్రి కాదు, చీకటి పడుతున్న వేళ. హాస్టలుకు తిరిగి వెళ్తున్న ఒక విద్యార్థినిని మోటారు సైకిలుపై వచ్చినవారు క్యాంపస్ లోపలే వేధించారు. దగ్గరలో ఉన్న కాపలావారు కదలలేదని, పైగా అంత ఆలస్యంగా ఎందుకు తిరుగుతున్నావని హాస్టలువారు ఎదురు ప్రశ్న వేశారని విద్యార్థినులు చెప్పారు. మరునాడు వందలాది ఆడపిల్లలు ప్రధాన ద్వారం వద్ద బైఠాయించారు. వారు కోరినది దారుల్లో దీపాలు, కెమెరాలు, రాత్రింబవళ్ళు కాపలా. ఇంతకంటే సాధారణమైన కోరికలు ఏముంటాయి? 23వ తేదీ రాత్రి వారిపై లాఠీలు పడ్డాయి. దేశమంతా నిలదీసిన మీదట చీఫ్ ప్రాక్టరు రాజీనామా చేయగా, ఆ పదవిలో తొలిసారిగా ఒక మహిళ నియమితులయ్యారు.

మనదని చెప్పుకునే జామియా మిల్లియా ఇస్లామియా కూడా ఇందుకు మినహాయింపు కాదు. హాస్టలు అమ్మాయిలు ఆలస్యంగా తిరిగివచ్చేందుకు ఉన్న కొద్దిపాటి అనుమతిని 2015లో రద్దు చేశారు. ఢిల్లీ మహిళా కమిషన్ సంజాయిషీ కోరింది. 'పింజ్రా తోడ్' ఉద్యమం రాజుకున్నది అప్పుడే. 2018 మార్చిలో జామియా విద్యార్థినులు గట్టిగా పట్టుబట్టాక గడువు రాత్రి పదిన్నరకు పెరిగింది.

ఇక మనం ప్రత్యేకంగా జాగ్రత్తపడవలసిన విషయమొకటి ఉన్నది. 1977 నవంబరు 12న ఇంగ్లండులోని లీడ్స్ తదితర నగరాల్లో స్త్రీలు ఇలాగే రాత్రి నడకలు జరిపారు. వరుసగా స్త్రీలను చంపుతున్న హంతకుడు అప్పటికింకా దొరకలేదు. రాత్రివేళ ఇల్లు కదలవద్దని పోలీసులు స్త్రీలకే చెప్పారు. నేరం చేసేది మగవాడైతే ఆంక్ష మాకెందుకని వారు అడిగారు. న్యాయమైన మాటే. అయితే ఆ దేశంలో ఇటువంటి నడకలు నల్లజాతివారి పేటల మీదుగా సాగినప్పుడు నల్లజాతి స్త్రీలు అభ్యంతరం చెప్పారు. తమ యువకులే ప్రమాదకారులన్న అపోహ దీనివల్ల బలపడుతుందని, పోలీసు బలగం తమ ఇళ్ళ మీదకే వస్తుందని వారి బాధ. అది మనకు వేరొకరు వివరించనక్కరలేదు. హైదరాబాదు పాతబస్తీలో 'ఆపరేషన్ చబుత్రా' పేరిట రాత్రివేళ అరుగుల మీద కూర్చున్న కుర్రవాళ్ళను పోలీసులు పట్టుకెళ్ళి, తల్లిదండ్రులను పిలిపించి హితబోధ చేసిన సంగతి తెలిసినదే. కనుక మన అర్జీలో "గస్తీ పెంచండి" అన్న ఒక్క మాటే ఉండరాదు. దీపం, ఆఖరి బస్సు, నలుగురు మసలే దుకాణాలు ముందు రావాలి.

అరుగుల మీది అబ్బాయిలతోనూ ఒక మాట. దారిలో కూర్చునేవారు దారి హక్కు చెల్లించాలని, చూపు దించుకోవాలని, బాటసారిని బాధించరాదని దైవప్రవక్త (స) బోధించారు. పోలీసుల తీరును నిలదీసే నోటితోనే దీన్నీ చెప్పాలి. శనివారం మీరు అక్కచెల్లెళ్ళకు కాపలాగా రావద్దు, తోటి విద్యార్థులుగా రండి.

ప్రభుత్వ కార్యాలయంలో ఏళ్ళ తరబడి అర్జీలు చూసినవాళ్ళం మేము. "మా వీధిలో దీపాలు లేవు, తగు చర్య తీసుకోగలరు" అన్న కాగితం దస్త్రంలో ఎలా నిద్రపోతుందో మాకు బాగా తెలుసు. అందుచేత వెలగని ప్రతి స్తంభం వద్ద ఆగండి. స్తంభం మీది నంబరు రాసుకోండి. నంబరు లేకపోతే ఎదురింటి నంబరో దుకాణం పేరో రాయండి. తేదీ, సమయం వేయండి. మునిసిపల్ కమిషనరుకు అర్జీ ఇచ్చేటప్పుడు రెండో ప్రతిపై కార్యాలయ ముద్ర, తేదీ వేయించుకోవడం మరువకండి. ముద్ర లేకపోతే అర్జీ ఇవ్వనట్టే. నెల గడిచినా కదలిక లేకుంటే, సమాచార హక్కు చట్టం, 2005 కింద ఆ అర్జీ ఎవరి బల్ల మీద ఉన్నదో అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వవలసిందే. బస్సు సంగతి డిపో మేనేజరుకు వేరే కాగితం మీద రాయాలి. రెండు శాఖలకూ ఒకే అర్జీ రాస్తే, ఎవరికి వారు అది అవతలివారి పనంటారు.

తల్లులకు ఒక విన్నపం. బిడ్డను పంపడానికి మనసొప్పకపోతే ఆమెతో మీరూ రండి. నడవలేనివారి కోసం వెనుక ఒక ఆటో వస్తుంది. ఇషా నమాజు ముగిశాక కళాశాల గేటు వద్ద కలుద్దాం. టార్చిలైటు, కలం, కాగితం వెంట తెచ్చుకోండి.