ఆపత్కాలమున సంస్థానిర్వహణము

(ఒక గ్రంథాలయ వార్షికసభలో గావించిన ఉపన్యాసము)



తుపాను హెచ్చరిక వచ్చిననాడు మన సంఘముల కార్యదర్శులు మొట్టమొదట దేనిని మోయింతురు? బీరువాలను, కుర్చీలను, పూర్వాధ్యక్షులవారి చిత్రపటమును. సభ్యుల పట్టికయు, తీర్మానముల పుస్తకమును, చిట్టాయు సొరుగులోనే తడిసిపోవును. మరునాడు కుర్చీలు మిగులును. వానిలో కూర్చుండు హక్కెవరికి గలదో తెలుపు కాగితము మిగులదు. మీరు నవ్వుచున్నారు గాని, నేను పరిహాసమునకు చెప్పలేదు. సంస్థ హఠాత్తుగా చోటు మారవలసి వచ్చినపుడు దేనిని విడువవచ్చును, దేనిని ఒక్కదినమైనను ఆపరాదు? నేటి విచారణ యిదియే.

మనవారికిది క్రొత్త గాదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముమీదను, కాకినాడమీదను బాంబులు వైచెను. 1926లో వెలసిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆ యేడే వాల్తేరు విడిచి గుంటూరునకు తరలవలసి వచ్చెను. అప్పుడు వైస్‌ఛాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డిగారు. అయితే ఇట్టి తరలింపు ఇంకను పెద్దయెత్తున, అంతకు అయిదేండ్లముందే చీనాదేశమున జరిగెను. ఆ కథనే వివరముగ చెప్పదలచితిని.

1937 జూలై 7వ తేదీన పెకింగు చెంత యుద్ధము రగుల్కొనెను. ఆ నెల 29, 30 తేదీలలో తియెన్‌త్సిను నగరమందలి నాంకాయి విశ్వవిద్యాలయము బాంబులకు గురియై, గ్రంథాలయముతో సహా నాశనమయ్యెను. పెకింగునందలి పెకింగు, త్సింగ్‌హువా విశ్వవిద్యాలయములు శత్రువుల వశమయ్యెను. ఈ మూడును దక్షిణముననున్న చాంగ్‌షా నగరమున కూడికొని, నవంబరు 1వ తేదీన పాఠములు ప్రారంభించెను. నడుమ గడచినది మూడు నెలలు మాత్రమే!

ఇదెట్లు సాధ్యమయ్యెను? త్సింగ్‌హువావారు 1935లోనే కీడు శంకించి, గ్రంథములను, పరికరములను వందలకొలది పెట్టెలలో హాంకౌ నగరమునకు పంపియుండిరి. చాంగ్‌షాలో భవనములకు పునాదులును వేయించియుండిరి. ఈ ముందుచూపును కథకులెవ్వరును అంతగా కీర్తింపరు. పెట్టెలు సర్దుటలో వీరరసమేమున్నది! నాకు మాత్రము తక్కిన సాహసములన్నిటికంటె ఈ పెట్టెలే గొప్పవిగా తోచును. వారైనను తప్పులేనివారు గారు. ఆ పెట్టెలలో పెక్కింటిని పిమ్మట చుంకింగు చెంత ఒక్కచోటనే చేర్చియుంచిరి. 1940లో అచట బాంబులు పడగా పుస్తకములలో అధికభాగము దగ్ధమయ్యెను.

చాంగ్‌షాకును ముప్పు వచ్చెను. 1938 ఆరంభమున యున్నాను రాష్ట్రపు కున్‌మింగునకు తరలుటకు నిశ్చయించిరి. కొందరు హాంకాంగు, హైఫాంగు రేవులమీదుగా ఓడలలోను, రైళ్లలోను పోయిరి. సుమారు 300 మంది విద్యార్థులును, 11 మంది అధ్యాపకులును ఫిబ్రవరిలో బయలుదేరి, 1,600 కిలోమీటర్లకు పైబడిన మార్గమును చాలవరకు కాలినడకనే గడచి, 68 దినములకు, ఏప్రిల్ 28వ తేదీన, కున్‌మింగు చేరిరి. వెన్ యీదో అను కవి దారిపొడవునను చిత్రములు గీసెను. ఒక విద్యార్థి పల్లెపాటలు సేకరించెను. గమనింపుడు: నడకయే తరగతియైనది. మే 4వ తేదీకే పాఠములు మరల సాగెను.

నివాసములకు గడ్డికప్పు, తరగతులకు రేకులకప్పు. వాన కురిసిన గురువుగారి మాట వినబడదు. ధనము చాలక కొన్నేండ్లకు ఆ రేకులనుసైతము అమ్మి గడ్డి వేయించిరి. ధరలు మండిపోవగా వెన్ యీదో ముద్రలు చెక్కి పొట్టపోసికొనెను. అధ్యక్షుడు మేయ్ యీచీగారి భార్య పిండివంటలు చేసి అమ్మెను. విమానదాడుల వేళలనుబట్టి పాఠముల వేళలను ఉదయమునకును, సాయంకాలమునకును జరపిరి గాని, మానలేదు. జిన్ యుయెలిన్ అను తత్త్వవేత్త దాడివేళ తన గ్రంథపు వ్రాతప్రతిని కొండకు గొనిపోయి, దానిమీదనే కూర్చుండి, లేచివచ్చునపుడు మరచిపోయెను. అది మరల దొరకలేదు. ఆయన యంతయు తిరిగి వ్రాసెను. ప్రతి యొక్కటియే యున్న కలుగు కష్టమిది. ఆ రేకులక్రింద చదివిన యాంగ్, లీ అను ఇరువురికి 1957లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను.

మూడు సంస్థలొకచోట కాపురము చేసిన కలహములు రావా? వచ్చును. కావుననే మువ్వురధ్యక్షులతో ఒక స్థాయీసంఘము నేర్పరచిరి. దినదినపు నిర్వహణభారము మాత్రము మేయ్ యీచీ యొక్కనిమీదనే పడెను. ఆపత్కాలమున ఆజ్ఞయిచ్చువాడెవడో అందరికి తెలిసియుండవలెను గదా. అయినను ఏ సంస్థ అధ్యాపకుల నియామకములు ఆ సంస్థవే. పరిశోధనశాఖలును వేర్వేరుగనే నడచెను. పాఠశాల యుమ్మడి; లెక్కలు వేరు. మన యుమ్మడి కుటుంబములకు ఈ నేర్పు ఏల అబ్బలేదో!

ఎనిమిదేండ్లలో సుమారు 8,000 మంది అచట చదివిరి. 1946లో మూడును ఉత్తరమునకు తిరిగిపోయెను. ఉపాధ్యాయ కళాశాల మాత్రము కున్‌మింగుననే నిలిచిపోయెను.

కార్యదర్శిగారూ, పోవుటకుముందొక్క మాట. మన సభ్యుల పట్టికకు రెండవ ప్రతి యున్నదా? ఉన్నచో అది ఎవరి యింట నున్నది?