క్రీము సీసాలోని కంటికానరాని జీవులు
(మహిళా సంఘముల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మీ సంఘములలో కొన్ని సబ్బులు, కలబంద క్రీములు తయారుచేసి సంతలలో అమ్ముచున్నవని విని సంతోషించితిమి. అయితే క్రిందటేట ఒక సంఘమువారు మాకొక సీసా తెచ్చి చూపిరి. మూత తీయగా లోపల బూజు పట్టియుండెను. అట్టివి నలువది సీసాలు! పెట్టిన సొమ్మంతయు పోయినది. "నీరు కాచియే పోసితిమి గదా, ఇట్లేల అయినది?" అని వారడిగిరి. ఆ ప్రశ్నకు సమాధానమే నేటి మా ప్రసంగము.

సూక్ష్మజీవులకు నీరే ప్రాణాధారము. నూనెయో నెయ్యియో మాత్రమే యున్న వస్తువులో అవి పెరుగజాలవు. ఆముదపు దీపపు మసిని నేతితో రంగరించిన కాటుక చాలకాలము నిలుచుటకు కారణమదియే. (పసిబిడ్డల కన్నులకు కాటుక వలదని వైద్యులు చెప్పుచున్నారు; అది వేరు సంగతి.) క్రీములో నీరును నూనెయు కలిసియుండును. కలబంద గుజ్జు చేరినచో బాక్టీరియాకు, బూజునకు విందు భోజనమే. నీరు కాచుట మంచిదే. కాని పొలము నుండి తెచ్చిన ఆకు, కలిపిన చేయి, కడిగి ఆరబెట్టని సీసా, వీనితో వచ్చిన క్రిములను ఆ కాచిన నీరు చంపదు. పైగా వారు సంరక్షక ద్రవ్యమేదియు కలుపలేదు.

బూజు కనబడినది గనుక వారు అదృష్టవంతులే యనవలెను. క్రిములు చేరినను రంగు, వాసన మారని సరకు అంతకంటె ప్రమాదకరము. 1970వ దశకమున అమెరికాలో కనురెప్పలకు పూయు మస్కారాలో సూడోమోనాస్ అను క్రిమి చేరి, పూయునపుడు గీసుకొనిన కంటిలో ప్రవేశించి, నల్లగ్రుడ్డుపై పుండ్లు పుట్టించెను. పొడి వస్తువులును నిరపాయములు కావు. 1946లో న్యూజీలాండులో బొడ్డుపై చల్లిన టాల్కు పొడివలన పసికందులకు ధనుర్వాతము సోకెను. ఆ క్రిమి నీరులేని చోట పెరుగకున్నను, విత్తనమువలె ఏండ్ల తరబడి నిదురించగలదు.

ఇక పరీక్ష సంగతి. ప్రయోగశాలలో నమూనాను పోషక ద్రవములో కలిపి, పళ్ళెములలోని అగరుపై పోసి, వెచ్చని పెట్టెలో సుమారు మూడు దినములుంతురు. బూజునకు మరికొన్ని దినములు పట్టును. పెరిగిన చుక్కలను లెక్కింతురు. ఇందొక మెలకువ కలదు: క్రీములోని సంరక్షక ద్రవ్యమును ముందుగా నిర్వీర్యము చేయవలెను. లేనిచో పళ్ళెములోనూ అది క్రిములను అణచివేయును; చెడ్డ సరకును మంచిదని మోసపోవుదుము. 2014 నాటి అంతర్జాతీయ ప్రమాణము ప్రకారము గ్రామునకు లెక్క వేయిని మించరాదు. కంటి చుట్టును పూయువానికి, మూడేండ్లలోపు బిడ్డలవానికి నూరే హద్దు. సూడోమోనాస్, స్టాఫిలోకాకస్ వంటి రోగకారకములు కొన్ని అసలే ఉండరాదు.

సంరక్షక ద్రవ్యపు బలమును తెలిసికొనుటకు వేరొక పరీక్ష గలదు. క్రిములను బుద్ధిపూర్వకముగా క్రీములో కలిపి, 7, 14, 28 దినములకు ఎన్ని మిగిలినవో చూతురు. వాడుకలో తడివ్రేలు మునుగుట తప్పదు గదా! ఆ దినమునకు ఇది ముందుచూపు.

మన దేశమున 1940 నాటి ఔషధ చట్టములో 1962 సవరణ ద్వారా సౌందర్య సాధనములు చేర్చబడినవి. నేడు 2020 నాటి నియమములు అమలులో నున్నవి. అమ్ముటకు తయారుచేయువారు రాష్ట్రాధికారుల వద్ద లైసెన్సు పొందవలెను. చీటీపై తయారీదారు చిరునామా, బాచ్ సంఖ్య, లైసెన్సు సంఖ్య, ఎప్పటిలోగా వాడవలెనో ఆ గడువు ఉండవలెను. బాచ్ సంఖ్యను కొందరు వ్యర్థమనుకొందురు. ఒక కుండెడు సరకు చెడినపుడు ఆ కుండెడే వెనుకకు రప్పించుటకు అదియే ఆధారము. అది లేకున్న సరకంతయు పారబోయవలెను.

కొనువారికిని హక్కు గలదు. చట్టము 26వ విభాగము ప్రకారము ఎవరైనను నిర్ణీత రుసుము చెల్లించి, తాము కొన్న వస్తువును ప్రభుత్వ విశ్లేషకునిచే పరీక్ష చేయించి, అతడు సంతకము చేసిన నివేదికను పొందవచ్చును. ఈ హక్కు ఎరిగినవారు పల్లెలలో మిక్కిలి అరుదు.

ఆ నలువది సీసాల సంఘమువారు ఇపుడు క్రీము చేయుట ఆపి, నీరు కలియని కొబ్బరినూనె లేపనము చేయనెంచి లైసెన్సునకు దరఖాస్తు పెట్టుకొనియున్నారు. వారిలో ఇద్దరు ఈ సభలోనే యున్నారు. ఖర్చుల సంగతి మాకంటె వారే బాగుగా చెప్పగలరు; వారినడుగుడు.