గసగసాలు: వంటింట్లో సరే, గల్ఫ్ పెట్టెలో వద్దు



మన ఇండ్లల్ల మటన్ వండితే గసగసాలు, ఎండుకొబ్బరి నూరి వేస్తేనే కూర చిక్కబడుతది. బీరకాయ కూరైనా, పాయసమైనా ఆ కమ్మదనమే వేరు. ఇవి నల్లమందు మొక్క గింజలే. పచ్చి కాయకు గాటు పెడితే కారే పాలే నల్లమందు. కాయ ఎండినంక లోపల దొరికేవి గసగసాలు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు కేంద్ర ప్రభుత్వ లైసెన్సుతోనే ఈ పంట వేస్తరు. 1985 మత్తుమందుల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మొక్క పెంచడం నేరం. గింజలు కొని వండుకోవడానికి మాత్రం మన దగ్గర అడ్డు లేదు.

దుబాయి, సౌదీలో గింజలకు కూడా నిషేధం ఉంది. కొడుక్కో, పెనిమిటికో ప్రేమతో కట్టిచ్చిన మసాలా పొట్లంలో ఇవి దొరికితే జైలుపాలు కావచ్చు. తెల్వదంటే అక్కడ వినరు.

అందుకే మేము మా మసాలా పొట్లం మీద "గసగసాలు ఉన్నవి" అని రాస్తున్నాము. గల్ఫ్‌కు అడిగితే వాటి బదులు జీడిపప్పు వేసి, వేరే మిక్సీలో పడుతున్నాము. మీ సంఘాల్లో కూడా ఈ మాట చెప్పండి. పెట్టె సర్దేటప్పుడు ప్రతి పొట్లం చూడండి.