ధారయు, ధారణయు: వీడియో కెమెరాకు తగిన మెమరీ కార్డు



అవధానికి రెండు గుణము లుండవలెనని పెద్దలందురు. పద్యము తడబాటు లేక సాగుట ధార. చెప్పినదానిని కడవరకు నిలుపుకొనుట ధారణ. ఈ రెంటిలో ఏ యొకటి లోపించినను అవధానము రక్తికట్టదు. డిజిటల్ వీడియో కెమెరాలో నుంచెడి చిన్న మెమరీ కార్డునకును ఈ రెండు గుణములే ప్రాణము. అయినను కొనువారిలో పెక్కుమంది ధారణనే చూతురు గాని ధారను విచారింపరు. చిక్కంతయు అక్కడనే కలదు.

1995లో వచ్చిన మినీ డీవీ టేపులో ఈ విచారమునకు తావు లేదు. క్యాసెట్టు ఒక్కటికి ఒక గంట, అంతటితో సరి. తోషిబా సంస్థలో ఫుజియో మసువోకా 1980ల నాడు రూపొందించిన ఫ్లాష్ మెమరీ తరువాత టేపు స్థానమును ఆక్రమించినది. ఎస్‌డీ కార్డు 1999లో ప్రకటింపబడెను. వీనిలో తొలి జాతి 2 గిగాబైట్ల వరకును, ఎస్‌డీహెచ్‌సీ 32 గిగాబైట్ల వరకును, ఎస్‌డీఎక్స్‌సీ 2 టెరాబైట్ల వరకును పట్టును. పాత కెమెరా కొత్త జాతి కార్డును గుర్తింపకపోవచ్చును. కావున కొనుటకు ముందు కెమెరాతో వచ్చిన పుస్తకమును చూడవలెను.

ఇక లెక్కకు వత్తము. కెమెరా తన ధారను మెగాబిట్లలో చెప్పును. కార్డు మెగాబైట్లలో చెప్పును. ఎనిమిది బిట్లు ఒక బైటు. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున 4కే చిత్రమును తీయు కెమెరా సెకనుకు 12.5 మెగాబైట్లను, అనగా గంటకు 45 గిగాబైట్లను పంపును. 64 గిగాబైట్ల కార్డు అట్టి చిత్రమునకు గంటా ఇరువదియైదు నిమిషములే వచ్చును. మూడు గంటల పెండ్లి తంతునకు 135 గిగాబైట్లు కావలెను. అదే 25 మెగాబిట్ల ధారతో తీసినచో ఆ 64 గిగాబైట్ల కార్డే అయిదున్నర గంటలకు చాలును. 64 అని ముద్రించిన కార్డును కొన్ని కంప్యూటర్లు 59.6గా చూపుట మోసము కాదు. తయారీదారు గిగాబైటు నూరుకోట్ల బైట్లు; కంప్యూటరు గిగాబైటు సుమారు 107 కోట్ల 37 లక్షల బైట్లు.

వేగము మాటకు వచ్చినచో, కార్డు ముఖముపై పెద్ద అక్షరములతో ముద్రించిన సంఖ్య సాధారణముగా చదువు వేగము, అదియు గరిష్ఠము. చిత్రీకరణకు కావలసినది వ్రాత వేగము; అదియు కనిష్ఠము. దానిని తెలుపు చిన్న గుర్తులు వేరు. వృత్తములోని 10 అంకెయు, యూ1 గుర్తును సెకనుకు 10 మెగాబైట్లకును, యూ3, వీ30 గుర్తులు 30కిని, వీ60, వీ90 గుర్తులు 60, 90 మెగాబైట్లకును హామీ. పైన చెప్పిన 100 మెగాబిట్ల చిత్రమునకు 10 చాలదు, వీ30 చాలును. 400 మెగాబిట్ల చిత్రమునకు సెకనుకు 50 మెగాబైట్లు కావలెను గనుక వీ60 తప్పదు.

చూరు నీరు గాబులోనికి దిగు గొట్టము సన్ననిదైనచో, గాబు ఎంత పెద్దదైనను నీరు పైననే పొంగిపోవును. కెమెరాలోని తాత్కాలిక స్మృతియు అట్లే నిండును, చిత్రీకరణ నిలిచిపోవును. మంగళసూత్రధారణము మరల జరుగదు గదా!

ప్రోతరాపూర్ వంటి చోట ఈ జాగ్రత్త మరింత అవసరము. 2011 జనగణనము ప్రకారము ఈ ద్వీపములలో తెలుగు మాతృభాషగా గలవారు నూటికి సుమారు 13 మంది. సముద్రము దాటి వచ్చి స్థిరపడిన వృద్ధుల పలుకుబడి, వారి జోలపాటలు, వలల పేర్లు, వ్రాతలోనికి రానివెన్నియో కలవు. బదిలీపై వచ్చి కొన్నియేండ్లకు మరలిపోవు ఉద్యోగి బిడ్డల బాల్యమును ఇక్కడి కార్డులలోనే యుండును. అవి పోయినచో తిరిగి తీయుట యెవరి తరము?

కావున కొన్ని నియమములు పాటింపదగును. కొత్త కార్డును ఒకసారి పూర్తిగా నింపి, తిరిగి చూడవలెను. లేని ధారణను ముద్రించి అమ్ము నకిలీ కార్డులు అప్పుడు బయటపడును. పాత చిత్రములను వేరొక చోట భద్రపరచిన పిమ్మటనే కార్డును కెమెరాలోనే ఫార్మాటు చేయవలెను. వ్రాత సాగుచుండగా కార్డును తీయరాదు. ఈ తేమగాలిలో సిలికాజెల్ పొట్లముతో మూతగల డబ్బాలో నుంచుట మేలు. చల్లని గదినుండి బయటికి తెచ్చిన కెమెరాను కొంతసేపు సంచిలోనే యుంచినచో చెమ్మ పట్టదు.

అన్నిటికంటె ముఖ్యమైనది ప్రతి. కార్డు తాత్కాలిక నివాసమే గాని శాశ్వత భాండాగారము కాదు. తీసిన నాడే రెండు హార్డుడిస్కులకు ఎక్కించి, ఒకదానిని ప్రధానభూమిలోని బంధువుల యింట నుంచుట యుత్తమము. 2020 ఆగస్టు 10న ప్రారంభమైన చెన్నై–అండమాను సముద్రగర్భ కేబులు వలన దూరమునకు పంపుటయు పూర్వమంత కష్టము కాదు.

ఇంట పెద్దలున్నవారు ఈ సెలవులలోనే, తగిన కార్డుతో, వారి మాటలను ఒక గంటసేపైనను చిత్రీకరింతురు గాక!