ఱొమ్ములో నమర్చు సంచి: స్థాననిర్ణయము



నేడు నేను ప్రసంగింపబూనిన విషయము పదిమందిలో నెత్తుటకు మనవారు సంకోచించునట్టిది. స్త్రీల ఱొమ్ములో సిలికోను సంచిని అమర్చు శస్త్రచికిత్స కలదు. ఆ సంచిని శరీరములో ఎచ్చట ఉంచవలెనన్నదే నేటి ప్రశ్న. ఇది పట్టణవాసుల వేడుక, మనకేల యని మీలో కొందఱు అనుకొనవచ్చును. వేడుకకై చేయించుకొనువారు లేకపోలేదు. కాని పుట్టుకతో ఒక ఱొమ్ము సరిగా పెరుగనివారును, క్యాన్సరు వ్యాధిచే ఱొమ్ము తీసివేయబడినవారును గూడ ఈ చికిత్సను కోరుదురు. అట్టివారు పల్లెలలోను కలరు. వారితో ఆసుపత్రికి పోవువారు, సొమ్ము కూర్చువారు, కాగితముపై సాక్షి సంతకము చేయువారు తఱచుగా మీవంటి పెద్దలే. కావున ఈ సంగతి మీరెఱిగి యుండుట మంచిది.

మొదట శరీరనిర్మాణమును కొంచెము చెప్పెదను. పైన చర్మము, దాని క్రింద కొవ్వు, దానిలో ఒదిగి పాలగ్రంథి యుండును. గ్రంథికి వెనుక విసనకఱ్ఱవలె పఱచుకొన్న పెద్ద కండరము, దానికి వెనుక ప్రక్కటెముకలు కలవు. ఎదుటి బరువును నెట్టునపుడును, చేతిని ఱొమ్మునకు దగ్గఱగా లాగుకొనునపుడును పనిచేయునది ఈ కండరమే. ఈ పొరలను మనసున నుంచుకొన్నచో తక్కినదంతయు సులభముగా తెలియును.

1962వ సంవత్సరమున అమెరికాలోని హ్యూస్టన్ నగరమున క్రోనిన్, గెరో అను ఇద్దఱు వైద్యులు మొట్టమొదట సిలికోను సంచిని ఒక స్త్రీకి అమర్చిరి. వారు దానిని గ్రంథికి వెనుక, కండరమునకు పైన ఉంచిరి. 1968లో డెంప్సీ, లాథం అను వైద్యులు కండరమునకు క్రింద ఉంచు పద్ధతిని ప్రకటించిరి. 2001లో టెబెట్స్ అను వైద్యుడు ఈ రెండింటికి నడుమ మఱొక మార్గమును వివరించెను. అందు సంచి పైభాగమును కండరము కప్పును, క్రిందిభాగము గ్రంథికి ఆనియుండును. నేటికిని ఈ మూడు పద్ధతులును వాడుకలో నున్నవి. అన్నివిధముల మేలైనది ఒక్కటే యున్నచో తక్కిన రెండును ఎన్నడో మూలబడియుండెడివి గదా!

వీని గుణదోషములను వినుడు. కండరమునకు పైన ఉంచినచో కండరమును కదలింప నక్కఱలేదు. నొప్పి తక్కువ, కోలుకొనుట త్వరగా జరుగును, చేతి పనికి అడ్డు రాదు. కాని మనిషి సన్ననిదైనచో సంచి అంచులును ముడుతలును చర్మముపై కనబడును. ఱొమ్మును ఎక్స్‌రే తీసి క్యాన్సరు గుఱుతులను వెదకునపుడు సంచి నీడ ఎక్కువ భాగమును మఱుగుపఱచును.

కండరమునకు క్రింద ఉంచినచో పైభాగమున మంచి కప్పు దొరకును, ఎక్స్‌రే పరీక్షయు కొంత సుకరమగును. కాని మొదటి దినములలో నొప్పి హెచ్చు. అంతేకాక, చేతితో గట్టిగా నొక్కునపుడు కండరము బిగిసి సంచి ప్రక్కకు జరుగుట పైకి కనబడును. నడిమి పద్ధతిలో ఈ గుణములును దోషములును కొంతకొంత కలిసియుండును.

ఇంకొక సంగతి. కాలిలో విఱిగిన ముల్లు చుట్టును కండ గట్టిపడుట మీరు చూచినదే. అటులే శరీరము సంచి చుట్టును ఒక పొరను అల్లుకొనును. అది సహజము. కొందఱిలో ఆ పొర బిగిసి, ఱొమ్ము గట్టిపడి, ఆకారము చెడి, నొప్పి పుట్టును. అప్పుడు మరల శస్త్రచికిత్స అవసరము కావచ్చును. ఈ బిగింపు సాధారణముగా కండరముపైన ఉంచినవారిలో కొంత ఎక్కువ. రేడియేషను చికిత్స, అనగా మన పల్లెలలో కరెంటు పెట్టుట అందురే, అది జరిగినవారిలో మఱింత ఎక్కువ.

ఇక నిర్ణయమెట్లు? వైద్యుడు ఱొమ్ము పైభాగమున చర్మమును వ్రేళ్లతో పట్టి దాని మందమును కొలుచును. అది రెండు సెంటీమీటర్లకు తగ్గినచో పైన కండరపు కప్పు ఉండవలెనని పలువురు శస్త్రవైద్యుల మతము. కాని కొలబద్ద ఒక్కటియే చాలదు. ఆ స్త్రీ చేయు పని యెట్టిదో గూడ తెలిసికొనవలెను.

నాయొద్దకు ఒకమారు ఒక పెద్దాయన తన కోడలిని వెంటబెట్టుకొని వచ్చెను. క్యాన్సరు వలన ఆమె ఱొమ్ము తీసివేయబడెను. గ్రంథి లేదు గనుక సంచిని కండరము క్రిందనైనను, చర్మమున కానించి కండరముపైననైనను ఉంచవలసియుండెను. “బాబుగారూ, సంచి ఒకటే గదా, పైనైతేనేమి, క్రిందైతేనేమి? మీకు తోచినచోట పెట్టండి” అని ఆయన యనెను. అంతట ఆ కోడలు మెల్లగా, “మామయ్యా, కారం దంచేది, మోపు ఎత్తేది నేను గదా, నన్ను ఒక్కమాట అడగనీయండి” అని, నావైపు తిరిగి, “కండ క్రింద పెడితే నా చేతి సత్తువ తగ్గుతుందా అండీ?” అని ప్రశ్నించెను.

అడుగవలసిన ప్రశ్న అదియే. ఎచ్చట ఉంచినను కొన్ని వారములు బరువులెత్తరాదనియు, తరువాత పెక్కుమంది తమ పనులు చేసికొందురనియు, కాని కండరము క్రింద ఉంచినచో గట్టిగా నొక్కు పనిలో సంచి కదలుటయు కొందఱికి కొంత సత్తువ తగ్గుటయు కలదనియు చెప్పితిని. చర్మము పలుచనై రక్తప్రసారము చాలనిచో కండరముపైన ఉంచుట ప్రమాదమనియు, సంచియే వలదన్నచో వీపునుండి గాని పొట్టనుండి గాని సొంత కండను, కొవ్వును తెచ్చి ఱొమ్ము కట్టవచ్చుననియు తెలిపితిని. ఆమెకు రేడియేషను జరుగలేదు, చర్మము దళసరిగా నుండెను. ఆలోచించుకొనుటకు గడువు కోరి, కండరముపైననే ఉంచుమని తానే నిర్ణయించుకొనెను. వేఱొక స్త్రీకి ఈ నిర్ణయమే తప్పు కావచ్చును.

కోత విషయము గూడ ఇట్టిదే. ఱొమ్ము క్రింది మడతలోనైనను, చనుమొన చుట్టునైనను, చంకలోనైనను కోయుదురు. చనుమొన చుట్టు కోసినచో పాలనాళములకు దెబ్బ తగులవచ్చును. కావున బిడ్డలకు పాలియ్యగోరువారు ఆ మాట ముందే చెప్పవలెను.

సంచి జీవితాంతము నిలుచునది కాదు. అది చినిగినను పైకి తెలియకపోవచ్చును. అందుచే సిలికోను సంచి గలవారు అయిదాఱేండ్లకు మొదటిసారియు, పిదప రెండు మూడేండ్లకొకసారియు స్కానింగు చేయించుకొనవలెనని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సూచించియున్నది. 2010లో పిప్ అను ఫ్రెంచి సంస్థ వైద్యమునకు తగని సిలికోనును వాడినదని బయటపడెను. 2019లో గరుకు ఉపరితలము గల కొన్ని సంచులు ఒక అరుదైన క్యాన్సరుతో సంబంధము కలవని తేలి, అమ్మకమునుండి ఉపసంహరింపబడెను. కావున సంచి తయారుచేసినవారి పేరు, దాని సంఖ్య, ఉపరితలము, పరిమాణము గల కార్డును అడిగి తీసికొని, ఇంటి పత్రములతో భద్రపఱుపుడు.

పెద్దలారా, సంతకమునకు ముందు నాలుగు ప్రశ్నలు అడుగుడు. ఈమె శరీరమునకు ఏ స్థానము తగును, ఏల తగును? ఈమె పనికి అడ్డు వచ్చునా? మరల శస్త్రచికిత్స అవసరమైనచో ఖర్చెవరిది? సంచి లేకుండ మఱియొక మార్గమున్నదా? అడిగిన పిదప జవాబును ఆమెను విననిండు, నిర్ణయమును ఆమెకే విడువుడు. ఏమియు వలదని ఆమె యన్నచో అదియు గౌరవింపదగిన నిర్ణయమే. సొమ్ము మీది కావచ్చును. మోయవలసిన శరీరము ఆమెది.