పాఠాలు ముగిశాక పని

కంప్యూటరు విద్యను ఎవరికి వారుగా నేర్చుకొంటున్న యువమిత్రులారా!

మీలో చాలామంది పైథాన్ తొలి పాఠాలు ముగించారు. లూపులు, లిస్టులు, ఫంక్షన్లు మీకు తెలుసు. ఆ తరవాత దారి తోచక, మరొక పుస్తకం తెరిచి తెలిసినదే మళ్లీ చదువుతున్నారు. నేను చెప్పదలచినది ఒక్కటే. రెండో మెట్టు ఎక్కించేది మనకు నిజంగా అక్కరైన ఒక పని. ఆ పనిని మన అమ్మనుడిలోనే వెతుక్కొందాం.

'తెలుగు' అనే మాట పొడవెంతని పైథాన్‌ను అడగండి. ఆరు అంటుంది. మన చెవికి వినిపించేవి మూడు అక్షరాలే. యూనికోడ్ లెక్కలో త, ల, గ అనేవి మూడు. ఎత్వం, రెండు కొమ్ములు మరో మూడు. ఒకే అక్షరమైన 'స్త్రీ'కి కూడా ఆరే వస్తుంది. ఇంగ్లీషు మాటలతో రాసిన అభ్యాసాలలో ఈ చిక్కు ఎదురు కాదు. కనుక అక్షరాలను సరిగా లెక్కించే ఫంక్షన్‌ను మీరే రాయండి.

ముందుగా జవాబులు కాగితం మీద రాసుకోండి: అమ్మ 2, లక్ష్మి 2, స్త్రీ 1. తరవాత సూత్రాలు కట్టండి. గుణింతపు గుర్తు, సున్న ముందున్న అక్షరంలో చేరుతాయి. పొల్లు వెంట వచ్చే హల్లు వెనుకటి హల్లుతో కలిసిపోతుంది. ప్రోగ్రాంను మార్చిన ప్రతిసారీ ఆ జవాబులతో సరిచూడండి. ఏ గుర్తు ఏ తరగతిదో చెప్పే 'యూనికోడ్‌డేటా' మాడ్యూల్ పైథాన్‌లోనే ఉంది; దాని వివరణను అవసరం పడినప్పుడు చదవండి. ఇలా చదివినది మరపుకు రాదు.

ఇక 'బస్' సంగతి. చివరి పొల్లును విడిగా లెక్కించాలా, ముందు అక్షరంలో కలపాలా? యంత్రం చెప్పలేదు. తెలుగు తెలిసిన మీరే తేల్చాలి. ఇతరులు ఇచ్చిన లెక్కను చేసే దశ దాటి, లెక్క ఎలా ఉండాలో మీరు నిర్ణయించే దశకు చేరారన్నమాట. మీ ప్రోగ్రాంను తోటివారి చేతికివ్వండి. అది తప్పిన చోటల్లా మీకు తరువాతి పాఠం.

తమిళనాడులో 2006 నాటి చట్టం బడులలో తమిళాన్ని దశలవారీగా తప్పనిసరి చేసింది. తెలుగు పిల్లల చదువు ఎటు మళ్లిందో హోసూరు వారికి నేను చెప్పనక్కరలేదు. నిఘంటువులకెక్కని ఇంటి మాటలు అవ్వాతాతల నోట ఇంకా ఉన్నాయి. మాట, అర్థం, విన్న ఊరు ఒక ఫైలులో చేర్చండి. వాటిని వరుసపెట్టే, వెతికే ప్రోగ్రాం రాయండి. పది మాటలతో మొదలుపెట్టినా చాలు. ఆ పనిలో మీ పైథానూ ఎదుగుతుంది, మన మాటా నిలుస్తుంది.